పదకొండో నిమిషం తర్వాత

“ఆ కాగితం ఇలా ఇవ్వు,” అంది అత్తగారు మూడోసారి.

కోడలు ఇవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, హ్యాండ్‌బ్యాగులో కళ్లజోడు పెట్టె కింద దాచి జిప్పు లాగింది.

“ఆఫీసులో విచారణ మధ్యాహ్నం మూడింటికి. వాళ్లు ఒక్క ప్రశ్న అడగకముందే రాజీనామా తీసుకెళ్లి చేతిలో పెడతావా? తప్పు నాదేనని నువ్వే అనేస్తే వాళ్లకి ఇంక పనేముంటుంది?”

“తప్పు నాదే కదా అత్తయ్యా.”

“రెండు నిమిషాలు నోట మాట రాలేదు. మనిషన్నాక వస్తుంది, పోతుంది.”

“రెండు నిమిషాల పది సెకన్లు.”

ఆ అంకె వినగానే బల్ల చివర కూర్చున్న కొడుకు టీ కప్పు కింద పెట్టాడు. ఎంత నెమ్మదిగా పెట్టాలనుకున్నాడో అంత గట్టిగా చప్పుడైంది.

స్టూడియోలో అందరూ అతన్ని కత్తెర అంటారు. ప్రకటనలు, పాఠాలు, ఉపన్యాసాలు, ఏది రికార్డు చేసినా మధ్యలో ఖాళీ అన్నది ఉండనివ్వడు. ఊపిరి పీల్చిన చప్పుడు కోసేస్తాడు, ఆలోచించుకోవడానికి ఆగిన చోటు కోసేస్తాడు. ఇంట్లోనూ అదే తంతు. ఎవరైనా మాట మధ్యలో తడుముకుంటే చాలు, ఆ సందులో తన మాట దూర్చేస్తాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఒక్క వాక్యం కూడా తనని పూర్తిగా చెప్పనివ్వలేదని భార్య నలుగురిలో వేళాకోళం చేసేది.

అటువంటి ఘనుడు నిన్న సాయంత్రం నుంచి పెదవి విప్పలేదు.

“నువ్వేం మాట్లాడవేంరా?” తల్లి అతని మీదికి తిరిగింది. “మామూలు రోజుల్లో చెవులు తూట్లు పడేలా వాగుతావు.”

“ఏం మాట్లాడనమ్మా?”

“ఆ ధ్యానం మానేయమను. ఎనిమిది వారాల కిందట ఈ పిల్ల నా నడకని అనుకరించి నన్నే నవ్వించేది. ఇప్పుడు పక్కింటి పసివాడు ఏడిస్తే గుండె పట్టుకుని గోడకి చేరబడుతోంది. మొన్న టీవీలో ఎక్కడో వరదొచ్చిందంటే కంచం ముందు నుంచి లేచిపోయింది. వీళ్ల ఆఫీసులో ఏమనేవారురా దీన్ని?”

“ఇనుపచెవి,” అన్నాడు కత్తెర.

అత్యవసర ఫోన్ల కేంద్రంలో తొమ్మిదేళ్లుగా ఆపరేటరు ఆమె. ఏడుపులు, అరుపులు, బూతులు, ఏది వినిపించినా ఒకే గొంతుతో అడిగేది. చిరునామా ఏమిటి, ఊపిరి తీస్తున్నారా, వీధి తలుపు తీసి ఉంచండి. ఆ పేరు పెట్టింది తోటివాళ్లే, అదీ గౌరవంగానే. కానీ ఇంటికొచ్చాక నిద్రలో పళ్లు నూరడం, సెలవు రోజున దుప్పటి ముసుగు తీయకపోవడం వాళ్లకి తెలియదు. లోపల ఏదో మొద్దుబారిపోతోందని భయపడి, తనంతట తనే ఆ అధ్యయనంలో చేరింది. ఇతరుల బాధ మధ్య బతికే ఉద్యోగాల వాళ్లు ఇరవైమంది, ఎనిమిది వారాలు, రోజూ ఫోన్‌లో డాక్టరమ్మ రికార్డు చేసిన మాటలు వింటూ కరుణ ధ్యానం. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మెదడుకి స్కానింగు. ఆ చివరి స్కానింగు ఇవాళే.

మధ్యలో సోమవారం వచ్చిపడింది. ఎవరో ఇంటావిడ ఫోన్ చేసి, మా ఆయన మెట్ల మీద నుంచి పడిపోయాడు, కదలడం లేదు అంది. ఇనుపచెవి చిరునామా అడగలేదు. కళ్లు మూసుకుంది. అవతల ఆవిడ ఏడుస్తుంటే ఇవతల తనూ ఆ ఏడుపుతో పాటు ఊపిరి తీస్తూ కూర్చుండిపోయింది. పక్క సీటు వాళ్లు వచ్చి హెడ్‌సెట్ లాక్కునేదాకా అలాగే ఉంది. ఆ పడినాయన ఇప్పటికీ ఐసీయూలో ఉన్నాడు.

“ధ్యానంలో తప్పేం లేదు అత్తయ్యా,” అందామె. “అందరికీ మంచి చేసేది నాకొక్కదానికే చెడు ఎందుకు చేస్తుంది? సరిగ్గా చేయడం నాకే చేతకావడం లేదు. లోపం నాలోనే ఉంది.”

“లోపమూ లేదు, గీపమూ లేదు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికినదాన్ని నేను. రక్తం మరకలుంటే ముందు నానబెడతాం. నానబెట్టి అలా వదిలేసి ఇంటికెళ్లిపోతే మర్నాటికి గది గదంతా కంపు. నానబెట్టాక ఉతకాలి, పిండాలి, ఎండలో వేయాలి. నిన్ను చూస్తే నాకు అదే అనిపిస్తోంది. ఎవరో నిన్ను నానబెట్టి వెళ్లిపోయారు.”

కత్తెర చల్లారిన టీ కప్పు మళ్లీ అందుకున్నాడు.

“ఆ డాక్టరమ్మ గొంతు పదకొండు నిమిషాలకే ఆగిపోతుంది. నేను గడియారం పెట్టి చూశాను,” తల్లి ఆపలేదు. “ఆ తర్వాత ఇది ముప్పావుగంట కదలదు. దేనికే అలా కూర్చుంటావు అంటే ఏమందో తెలుసా? ఇంకేదో వస్తుందనిపిస్తుంది అత్తయ్యా, అంది.”

“ఇప్పుడవన్నీ ఎందుకు?” అంది కోడలు.

“వీడికి తెలియాలని. ఆ రికార్డింగు వీడి స్టూడియోదే కదా. ఏరా, నిన్న సాయంత్రం ఇది స్నానానికి వెళ్లినప్పుడు దీని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నావుగా. బిగుసుకుపోయి కూర్చున్నావు. ఏముందందులో?”

భార్య తలెత్తి చూసింది. “విన్నారా మీరు?”

“ఊరికే. కొంచెం.”

“ఎలా ఉంది?”

“బాగుంది,” అన్నాడు. “గొంతు స్పష్టంగా ఉంది.”

కొంచెం కాదు, మొత్తం విన్నాడు. మీకు తెలిసిన ఒక మనిషి బాధని తలుచుకోండి అని మొదలవుతుంది. ఆ బాధ బరువు చూడండి, ఊపిరితో పాటు దాన్ని లోపలికి రానివ్వండి అని సాగుతుంది. పదకొండో నిమిషంలో గొంతు ఆగింది. తర్వాతి మాట కోసం అతను ఎదురుచూశాడు. రికార్డింగే అయిపోయింది.

అయిపోకూడదు. అతనికి బాగా గుర్తుంది. డాక్టరమ్మ తన మైకు ముందే అక్కడ అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ అయిదు నిమిషాలూ అద్దం ఇవతల అతను గోళ్లు కొరుక్కున్నాడు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఎనిమిది నిమిషాలు చదివింది. ఇరవైమంది ఫోన్లకీ పంపేముందు అతను ఆ ఫైలుని అలవాటుగా ఓ ప్రోగ్రాంలో వేశాడు. రెండు నిమిషాలు వరసగా చప్పుడు లేకపోతే పని అయిపోయినట్టే, అక్కడికి తోక కోసేయమని ఆ ప్రోగ్రాంకి నేర్పింది తనే. ప్రకటనలకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. డాక్టరమ్మ అందరికీ ముందే చెప్పింది, మధ్యలో నిశ్శబ్దం వస్తుంది, భయపడకుండా కూర్చోండి అని. పాపం, అందరూ కూర్చున్నారు.

నిన్న సాయంత్రమే చెప్పాల్సింది. చెబితే ఇరవైమంది ముందు దోషిలా నిలబడాలి. ఐసీయూలో ఉన్న ఆ మనిషి బరువు కూడా తన మెడకే చుట్టుకుంటుంది. అన్నిటికన్నా ముందు ఈమె మొహం చూడాలి. చెప్పకపోతే మధ్యాహ్నం మూడింటికి ఆమె ఆ కాగితం ఇచ్చేస్తుంది, జన్మంతా లోపం నాదే అనుకుంటుంది. రాత్రి దుప్పటి కింద అతను ఈ రెండింటినీ అటూ ఇటూ తిప్పి, పొద్దున చూద్దాంలే అనుకున్నాడు. పొద్దున వచ్చేసింది.

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది.

“డాక్టరుగారు. మొదట రావలసిన ఆయన రాలేదట, మాతోపాటు ధ్యానంలో చేరిన అంబులెన్సు డ్రైవరు. మనల్ని ముందు రమ్మంటున్నారు.”

“రాకపోవడమేంటి?” అంది అత్తగారు.

“ఫోన్ తీయడం లేదట.”

*

కారులో ఇద్దరే బయల్దేరారు. రెండు సిగ్నళ్ల దగ్గర ఆగారు. రేడియో పెడదామని కత్తెర చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

“ఇవాళ మీరు భలే నెమ్మదిగా ఉన్నారు,” అందామె. “బాగుంది.”

అతనికి తల కొట్టేసినట్టయింది.

“ఆవిడ ఫోన్‌లో ఏడుస్తుంటే ఏమైందో చెప్పనా? చిరునామా అడగాలని తెలుసు. నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆ ఏడుపు నాలోకి వచ్చేసింది. వచ్చినదాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. రోజూ తీసుకోవడం నేర్చుకున్నాను కదా. తీసుకున్నాను.”

ఆమె ఆగింది. మామూలుగా అయితే అతను ఆ సందులో దూరేవాడే.

“నా భయం ఉద్యోగం గురించి కాదండీ. ఈ మధ్య ఎవరి బాధా వినబుద్ధి కావడం లేదు. రాత్రి అత్తయ్య దగ్గితే జాలి వేయలేదు. కోపం వచ్చింది. తలుపు వేసుకుని చెవులు మూసుకున్నాను. మీకేదన్నా జరిగినా నేను అలాగే తలుపు వేసుకుంటానేమో.”

“నీకో మాట చెప్పాలి,” అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగి కూర్చుంది. తొందరపెట్టలేదు. ఎదుటివాళ్లు మాట కూడదీసుకునేదాకా ఆగడం ఆమె వృత్తి. ఒక సందు దాటారు, ఒక బడి దాటారు, పెట్రోలు బంకు దాటారు.

“సీటుబెల్టు సరిగ్గా పెట్టుకో,” అన్నాడు.

ఆమె పెట్టుకుంది.

*

స్కానింగు గది బయట ఆమె ఒంటి మీదున్న లోహమంతా తీసి అతని చేతికిచ్చింది. వాచీ, చెవి పోగులు, తలలోని మూడు పిన్నులు. చివర్న హ్యాండ్‌బ్యాగు.

“ఇది జాగ్రత్త,” అంది.

అద్దం అవతల ఆమెని గొట్టంలోకి పంపారు. బయటికి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. చెవులకి హెడ్‌ఫోన్లు, కుడిచేతిలో రబ్బరు బుడ్డి. ఇబ్బందయితే అది నొక్కాలి. ఇవతల గదిలో డాక్టరమ్మా, కత్తెరా. యంత్రం సుత్తితో రేకు కొట్టినట్టు మోత మొదలెట్టింది. ఒడిలో బ్యాగు పెట్టుకుని అతను స్టూలు అంచున కూర్చున్నాడు.

డాక్టరమ్మ ఓ కంట తెర చూస్తూనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. మోగి మోగి ఆగిపోయింది.

“అతనేనా?” అన్నాడు కత్తెర.

“అతనే. పొద్దున్నుంచి తొమ్మిదిసార్లు చేశాను. ఆఫీసు వాళ్లని ఇంటికి మనిషిని పంపమన్నాను.” ఆవిడ బల్ల మీది కాగితాల కట్ట దగ్గరకి లాక్కుంది. “నాకు రాత్రి నిద్ర పట్టలేదండి. ఇరవైమంది రాసిన జవాబులు చదివాను. నిద్ర లేదు, ఆకలి లేదు, మనుషుల్ని చూస్తే పారిపోవాలనుంది. ధ్యానానికి ముందుకన్నా అధ్వాన్నం. ఒకరో ఇద్దరో అయితే సరే. పద్దెనిమిది మంది.”

“ధ్యానం అందరికీ పడదేమో.”

“అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇంతకుముందు చేసినప్పుడు ఇలా లేదు. ఇది చూడండి.”

ఆవిడ గోడ మీది రెండు బొమ్మలు చూపించింది. మెదడుని అడ్డంగా కోసినట్టున్నాయి, అక్కడక్కడా ఎర్రరంగు.

“ఎదుటివాడికి దెబ్బ తగిలితే మనకి చురుక్కుమంటుంది కదా. అప్పుడు మెదడులో మన సొంత నొప్పికి వెలిగే చోట్లే కొన్ని వెలుగుతాయి. ఇదీ, ఇదీ. అది కరుణ కాదు, కరుణకి గుమ్మం. అక్కడే నిలబెట్టేస్తే మనిషి అలసిపోతాడు, తర్వాత పారిపోతాడు. గుమ్మం దాటి, ఈ మనిషి బాగుండాలి అని కోరుకోవడం నేర్పితే వేరే చోట్లు వెలుగుతాయి. బిడ్డని ఎత్తుకున్నప్పుడు వెలిగే చోట్లు. దానివల్ల బలం వస్తుంది. మేం ఇంకా నేర్చుకుంటున్నాం అనుకోండి, కానీ మా పాత బొమ్మల్లో తేడా కనబడుతోంది. అందుకే రెండో సగమంతా దానికే పెట్టాను.”

“రెండో సగం,” అన్నాడు కత్తెర.

“మీ స్టూడియోలోనే కదా చదివాను. ఈ డ్రైవరు ఏం రాశాడో వినండి.” ఆవిడ ఒక కాగితం తీసింది. “‘మాటలు ఆగిపోయాక నేను ఇన్నేళ్లూ మోసినవాళ్లందరూ వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లని ఎక్కడ దించాలో మీరు చెప్పడం లేదు.’ దించడం గురించే కదండీ ఎనిమిది నిమిషాలు చెప్పాను. ఇతను ఎలా వినలేదు?”

ఇప్పుడు. ఇదే సమయం. అతను నోరు తెరిచాడు. అప్పుడే అతని చూపు తెర మూలకి పోయింది. అక్కడ రికార్డింగు గీత పాకుతోంది. దాని చివర్న మొత్తం నిడివి ఉంది. ఇరవైనాలుగు నిమిషాలు.

“ఇది ఏ రికార్డింగు?”

“మీరిచ్చిందే. మొదటిరోజు నా పెన్‌డ్రైవులో వేసిచ్చారు, అసలుది.”

గీత పది దాటింది. హెడ్‌ఫోన్లలో వెళుతున్న గొంతు బల్ల మీది చిన్న స్పీకరులో సన్నగా వినిపిస్తోంది. ఊపిరితో పాటు లోపలికి రానివ్వండి. పదకొండో నిమిషం. గొంతు ఆగింది.

యంత్రం మోత ఒక్కటే మిగిలింది. అవతల ఆ పాదాలు కదలకుండా ఉన్నాయి. అలవాటైన చోటు అది ఆమెకి. ఎనిమిది వారాలుగా రోజూ వచ్చి కూర్చుని, ఏమీ రాక లేచి వెళ్లిన చోటు.

పన్నెండు. పదమూడు. రికార్డింగు ఆపే మీట అతనికి జానెడు దూరంలో ఉంది. డాక్టరమ్మ మళ్లీ ఫోన్ అందుకుని కిటికీ వైపు తిరిగింది. ఒక్కసారి తాకితే చాలు, ఏదో తప్పుగా తగిలింది అనవచ్చు. తనకి వచ్చిన విద్యే. అతని చెయ్యి బల్ల మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. ఆ పాదాలని చూశాక వేలు ముందుకి పోలేదు. ఒడిలోని బ్యాగుని రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని బతుకులో అంత పొడుగు నిశ్శబ్దాన్ని కోయకుండా వదిలింది ఆ ఒక్కసారే.

పదహారో నిమిషంలో గొంతు తిరిగి వచ్చింది.

“ఇప్పుడు ఆ బాధని కింద పెట్టండి. అది మీది కాదు. దాన్ని చూశారు, అది చాలు. ఆ మనిషి కుదుటపడాలని మనసులో కోరుకోండి. అదే కోరిక మీ కోసం కూడా కోరుకోండి.”

పాదాల వేళ్లు ముడుచుకున్నాయి. చాలాసేపటికి మెల్లగా విచ్చుకున్నాయి. గొంతు చెప్పుకుపోతూనే ఉంది. కుదుటపడాలి, భయం తీరాలి, తోడు దొరకాలి. కత్తెరకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఆమెకి అందవలసిన మాటలవి.

బుడ్డి నొక్కిన బజరు మోగింది.

డాక్టరమ్మ పరుగున వచ్చి యంత్రం ఆపి మైకు మీట నొక్కింది. “ఏమైందమ్మా? ఊపిరాడుతోందా?”

“బాగానే ఉన్నాను,” అంది స్పీకరులో ఆమె గొంతు. “డాక్టరుగారూ, ఈ మాటలు ఇవాళ కొత్తగా పెట్టారా?”

“కొత్తవేం కాదే. మొదటిరోజు నుంచీ రోజూ వింటున్నవేగా.”

డాక్టరమ్మ చేతిలోని డ్రైవరు కాగితం వైపు చూసింది. తెర మీది అంకెల వైపు చూసింది. ఆ తర్వాత మెల్లగా కత్తెర వైపు తిరిగింది.

“మా ఆయన అక్కడే ఉన్నారా?”

“ఉన్నారమ్మా. నా పక్కనే.”

“ఏవండీ. ఖాళీ కోసేశారా?”

ఆ అడగడంలో కోపం లేదు. ఉప్పు వేశారా అన్నట్టు అడిగింది. అతను మైకు మీట నొక్కి వంగాడు.

“చూసుకోలేదు,” అన్నాడు. “ప్రోగ్రాం దానంతట అదే… నేను చూసుకోలేదు.”

“ఎప్పుడు తెలిసింది?”

నిజం నాలుక చివరే ఉంది. పొద్దున ఆ కాగితం మడత పెడుతున్నప్పుడు అతను ఎదురుగా టీ తాగుతున్నాడు. కారులో ఆమె తిరిగి కూర్చున్నప్పుడు సీటుబెల్టు గురించి చెప్పాడు.

“ఇప్పుడే,” అన్నాడు. “ఇక్కడ తెర మీద చూశాకే.”



“నిన్న మీరు విన్నారు కదా,” అంది గొట్టంలోంచి ఆమె. “పొద్దున అత్తయ్య చెప్పింది.”

అతను మైకు మీట మీద నుంచి వేలు తీయడం మరిచిపోయాడు. ఏం చెప్పాలా అని వెతుక్కుంటుండగా బల్ల మీది ఫోన్ వణికింది. డాక్టరమ్మ చూసి, “డ్రైవరు నంబరే,” అంది. కంగారులో స్పీకరు మీటే నొక్కింది.

అది డ్రైవరు గొంతు కాదు. ఎవరో ఆడమనిషి. “ఇందాకట్నించీ మీరేనా చేస్తున్నది? ఈయన లేవడం లేదండీ. తలుపు పగలగొట్టి లోపలికొచ్చాం. లేవడం లేదు.” తర్వాత అంతా ఏడుపే.

మాటలతో బతికేవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“డాక్టరుగారూ,” అంది గొట్టంలోంచి ఆమె. తొమ్మిదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న గొంతే. తొందర లేదు, తడబాటు లేదు. దాని అడుగున మునుపెన్నడూ లేని మెత్తదనం ఏదో ఉంది. “ముందు చిరునామా అడగండి. అడిగాక ఊపిరి తీస్తున్నాడా అని అడగండి. ఆవిణ్ని ఫోన్ పెట్టవద్దని చెప్పండి, నేను వస్తున్నాను.”

మొగుణ్ని ఏమీ చెయ్యమనలేదు.

డాక్టరమ్మ చిరునామా అడిగింది. అవతలావిడ వెక్కుతూ చెప్పింది. కత్తెర బ్యాగు జిప్పు లాగి, చేతికి తగిలిన కాగితం వెనక రాసుకున్నాడు. రాశాక చూసుకుంటే అది ఆమె రాజీనామా.

“ఊపిరి తీస్తున్నారా అమ్మా?” అంది డాక్టరమ్మ.

అవతల ఏడుపు ఆగింది. ఆవిడ చూడటానికి వంగి ఉంటుంది. గదిలో ఎవరూ కదల్లేదు. కత్తెర తలొంచుకుని ఆ నిశ్శబ్దాన్ని వింటున్నాడు. అది ఎంతకీ అయిపోవడం లేదు.